చింతపండు పులుపు, కుండ చల్లదనం

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు మా ఎమ్మిగనూరు వీధుల్లో కుక్క కూడా తిరగదు. సోమప్ప సర్కిల్ అయినా, నేతగాళ్ల పేట అయినా ఒకటే తీరు: తలుపులు దగ్గరికి వేసి ఉంటాయి, వరండాలో తడి గోనెపట్టా వేలాడుతుంటుంది, దాని వెనక ఎవరో ఒకరు నడుం వాల్చి ఉంటారు. గుంత మగ్గం ఉన్న ఇళ్లలో మాత్రం పని సాగుతూనే ఉంటుంది. నేతగాడి కాళ్లు నేలలోకి దిగి ఉంటాయి కాబట్టి నడుం నుంచి కింద కాస్త చల్లగా ఉంటుంది. మాచాని సోమప్ప గారు 1938లో నేత సహకార సంఘాన్ని మొదలుపెట్టిన ఊరు ఇది. ఆ మగ్గాల గుంతల గురించి కాసేపట్లో మళ్లీ మాట్లాడదాం.

అట్లాంటి ఒక మే నెలలో నా మేనల్లుడు ఒక ఎర్ర వైన్ సీసా తెచ్చాడు. వాడికి అప్పుడే మొదటి జీతం వచ్చింది. ధర కొంచెం ఎక్కువైనా మంచిదే తేవాలని తెచ్చాడు. సీసా మీద ఆల్కహాల్ 14.5 శాతం అని రాసి ఉంది. మూడు రోజులు అది బీరువా పైన నిలబడింది. ఆదివారం రాత్రి భోజనాలకు ముందు తీశాడు. పక్కింటి పెద్దాయన, నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి, ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"కషాయం మాదిరి ఉంది నాయనా. ముక్కులోకి మంట పోతా ఉంది."

మేనల్లుడి ముఖం చిన్నబోయింది. "ఎర్ర వైన్ గది వేడిమిలోనే తాగాలని చదివినాను మామా" అన్నాడు నాతో.

నా దగ్గర ప్రయోగశాల థర్మామీటరు ఒకటి ఉంది. గ్లాసులో ముంచి చూశాను. 37 డిగ్రీలు. మన ఒంటి వేడిమి.

వాడు చదివింది అబద్ధం కాదు. అది మన గది గురించి రాసింది కాదు, అంతే. ఆ మాట పుట్టిన కాలానికి యూరప్ రాతి ఇళ్లలో గదులు 16, 18 డిగ్రీలకు మించి ఉండేవి కావు. నేలమాళిగలో 12 డిగ్రీల దగ్గర ఉన్న సీసాను పైకి తెచ్చి, గది వేడిమికి రానిచ్చి తాగేవాళ్లు. అంటే అక్కడ "గది వేడిమి" అంటే మన పుష్యమాసం తెల్లవారుజాము చలి. మా ఊరి నీలకంఠేశ్వర స్వామి జాతర నాటి తెల్లవారుజాము గాలిని తలుచుకుంటే ఆ సంగతి తెలుస్తుంది.

18 డిగ్రీల వైన్‌కూ 37 డిగ్రీల వైన్‌కూ తేడా ఎంత? వైన్ ముఖ్యంగా నీరు, ఆల్కహాల్, ఆమ్లాలు, కొంచెం చక్కెర, ఒగరునిచ్చే టానిన్లు, వీటితోపాటు వాసననిచ్చే వందలాది పదార్థాలు. వీటిలో ఆల్కహాల్ తొందరగా ఆవిరయ్యేది. వేడి 18 నుంచి 37కు పెరిగితే దాని ఆవిరి ఒత్తిడి రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే ముందు కొట్టేది ఆ ఆవిరి. పండు వాసనలన్నీ దాని వెనక దాక్కుంటాయి. పెద్దాయన ముక్కులోకి పోయిన మంట అదే. పైగా సీసా మూడు రోజులు బీరువా మీద ఉడికింది. అంత వేడిలో తాజా పండు వాసనలు తగ్గి, ఉడికించిన పండు పాకం వాసన మొదలవుతుంది.

సరే, అదే సీసాను ఐస్‌లో పెట్టి ఉంటే బాగుండేదా? అదీ లేదు. చల్లదనంలో ఒగరు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పచ్చి వక్క నమిలినప్పుడు నాలుక మొద్దుబారి నోరు పిడచకట్టుకుపోతుంది కదా, ఆ పని చేసేది టానిన్లే. ఉమ్మిలోని ప్రోటీన్లకు అవి అతుక్కుని, నోటిలోని నున్నదనాన్ని లాగేస్తాయి. ముదురు ఎర్ర వైన్‌లో అవి ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, ఓక్ పీపాల నుంచి వస్తాయి. అందుకని బరువైన ఎర్ర వైన్ మన ఎండాకాలంలో రెండు విధాలా చెడుతుంది: వేడిగా తాగితే మంట, చల్లగా తాగితే ఒగరు.

నేను ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎండ ముదిరినప్పుడు నోరు అడిగేవి పులుపు, చల్లదనం, తేలికదనం. ఈ మూడింటికీ ఏళ్ల తరబడి నిల్వ అక్కర్లేదు, ఖరీదైన పీపాలు అక్కర్లేదు. కాబట్టి వేసవిలో తక్కువ ధర వైన్ కొనడం సర్దుకుపోవడం కాదు. చాలాసార్లు అదే సరైన ఎంపిక.

ముందు పులుపు సంగతి.

మా ఇంట్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా వంటంతా పులుపు చుట్టూ తిరుగుతుంది. పచ్చిపులుసు, మామిడికాయ పప్పు, నీళ్లు ఎక్కువ పోసి చిలికిన మజ్జిగ. పులుపు నాలుకకు తగలగానే లాలాజలం ఊరుతుంది. నోరు తడిస్తే దాహం తీరుతున్నట్టు మెదడుకు కబురు పోతుంది. కడుపులోకి పోయిన నీరు రక్తంలో కలవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కానీ దాహం మాత్రం అంతకు ముందే సగం తగ్గుతుంది. నోటి తడీ చల్లదనమూ ఆ తొందరపాటు తృప్తికి కారణం.

వైన్‌లో ఆ పని చేసే ముఖ్యమైన ఆమ్లాలు రెండు. ఒకటి టార్టారిక్, రెండోది మాలిక్. మాలిక్ ఆమ్లం పచ్చి యాపిల్ పులుపు. లాటిన్‌లో యాపిల్ పేరు నుంచే దానికి ఆ పేరు వచ్చింది. టార్టారిక్ ఆమ్లం పండ్ల లోకంలో అంత విరివిగా దొరికేది కాదు. ద్రాక్షలో ఉంటుంది. ఇంకా ఎక్కువగా ఎక్కడ ఉంటుందంటే, మన చింతపండులో. రసంలో, పులిహోరలో, చేపల పులుసులో మనం రోజూ తినే పులుపు ఫ్రాన్స్‌లో, ఇటలీలో వైన్‌కు వెన్నెముకగా నిలిచే పులుపు. రెండు చోట్లా ఒకే అణువు. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నేను వంటింట్లోకి వెళ్లి చింతపండు డబ్బా మూత తీసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఈ రెండు ఆమ్లాలకూ ఎండలో ఒకే గతి పట్టదు. ద్రాక్షకాయ పచ్చిగా ఉన్నప్పుడు రెండూ నిండుగా ఉంటాయి. పండే కొద్దీ కాయ ఊపిరి తీసుకోవడానికి మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు పెడుతుంది. వేడి పెరిగితే ఆ ఖర్చు పెరుగుతుంది. రాత్రి కూడా చల్లబడకపోతే మాలిక్ దాదాపు అడుగంటుతుంది. టార్టారిక్ మాత్రం వేడికి అంత తొందరగా లొంగదు. అందుకే ఉడుకు ప్రాంతాల వైన్‌లో మిగిలే పులుపు ఎక్కువగా చింతపండు పులుపే. అదీ చాలకపోతే తయారీదారులు టార్టారిక్ ఆమ్లాన్ని కొలిచి కలుపుతారు. అది కల్తీ కాదు. వేడి దేశాలలో చట్టం ఒప్పుకున్న పద్ధతే.

మరి మనలాంటి దక్కన్ నేల మీద వైన్ ద్రాక్ష ఎట్లా పండిస్తున్నారు? మా ఊరి నుంచి ఆదోని, ఆలూరు దాటి బళ్లారి చేరి, తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఇంకా ముందుకు పోతే కొప్పళ జిల్లా. అక్కడ హనుమసాగరం దగ్గర హంపి కొండల పేరుతో ఒక ద్రాక్షతోట ఉంది. పేరు కృష్మా. హైదరాబాదులో గ్రాన్యూల్స్ మందుల కంపెనీని నడిపిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి పెట్టింది. ఇద్దరి పేర్ల ముక్కలే తోట పేరయ్యాయి. ఇద్దరూ మారథాన్ పరుగు మనుషులు. మన తెలుగువాళ్లు తుంగభద్ర సీమలో కాబెర్నే సావిన్యోన్, సావిన్యోన్ బ్లాంక్ తీగలు పాకించారు. వాళ్ల సీసాల ధర మామూలు జేబుకు ఎక్కువే. కానీ నన్ను ఆకట్టుకునేది ఆ నేల, ఆ తీగ.

యూరప్‌లో తీగ చలికాలంలో నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది, సెప్టెంబరులో కోతకు వస్తుంది. మన దగ్గర అంత చలి లేదు కాబట్టి తీగకు నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడుగునా చిగురిస్తూనే ఉంటుంది. అందుకే దక్కన్ రైతు కత్తెరతో దానికి కాలం నేర్పుతాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒక కత్తిరింపు వేస్తాడు. ఆ వేసవిలో వచ్చే కొమ్మలు కాయ కోసం కాదు, బలం కోసం. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరులో రెండో కత్తిరింపు. కాయనిచ్చే చిగురు అప్పుడు వస్తుంది. చలికాలపు చల్లని రాత్రుల్లో కాయ పండుతుంది. ఫిబ్రవరి, మార్చిలో, ఎండ ఇంకా కొరడా పట్టకముందే కోత. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక్క పంట. మాలిక్ ఆమ్లం పూర్తిగా కాలిపోకముందే పండును కోసుకోవడానికి పన్నిన ఉపాయం ఇది. శనగ, జొన్న వేసుకునే మా నల్లరేగడి రైతుకు రబీ అంటే ఏమిటో తెలుసు. ద్రాక్షను రబీ పంట చేశారన్నమాట.

ఈ లెక్కలో ఏ రకం వైన్ మనకు నప్పుతుంది? నా అనుభవంలో మొదటి మాట శెనిన్ బ్లాంక్‌దే. ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున పుట్టిన తెల్లద్రాక్ష. వేడి ప్రాంతాల్లో కూడా పులుపును గట్టిగా పట్టుకుని ఉండడం దీని గుణం. దక్షిణాఫ్రికాలో బాగా పాతుకుపోవడానికి ఆ గుణం తోడ్పడింది. 2000 ప్రాంతంలో నాసిక్‌లో రాజీవ్ సామంత్ పెట్టిన సులా కంపెనీ శెనిన్‌ను, సావిన్యోన్ బ్లాంక్‌ను మన దేశంలో జనానికి పరిచయం చేసింది. దక్కన్ శెనిన్‌లలో కొన్ని పిసరంత తియ్యగా కూడా ఉంటాయి. ఆ తీపి మన కారానికి ఎట్లా పనికొస్తుందో తర్వాత చెబుతాను.

సావిన్యోన్ బ్లాంక్ ఇంకా పదునైన పులుపు. దాని వాసనలో పచ్చి బెంగళూరు మిరపకాయ తగులుతుంది. ఊహ కాదు. రెండింటిలోనూ పైరజీన్ల కుటుంబానికి చెందిన ఒకే పదార్థం ఉంటుంది. లీటరు నీటిలో గ్రాములో వందకోట్లో వంతులు కొన్ని ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. పచ్చిమిర్చి వాసనతో పెరిగిన మనకు అది పరాయి వాసన కాదు.

తెలుపు నచ్చనివాళ్లకు రోజా రంగు వైన్ ఉంది. ఎర్రద్రాక్ష రసం తొక్కలతో కొన్ని గంటలు మాత్రమే కలిసి ఉంటే వచ్చేది ఈ రంగు. రంగు తొక్క నుంచి తొందరగా దిగుతుంది, ఒగరు నిదానంగా దిగుతుంది. కాబట్టి రోజా వైన్‌లో రంగు ఉంటుంది, ఒగరు ఉండదు. చల్లగా తాగినా నోరు పట్టేయదు.

దుకాణంలో తక్కువ ధరకు పోర్ట్ అని పేరున్న తియ్యటి ఎర్ర వైన్‌లు కూడా కనబడతాయి. గోల్కొండ రూబీ పేరు మా తరం వాళ్లకు బాగా తెలుసు. కర్ణాటకలో ఇట్లాంటి వాటికి బెంగళూరు బ్లూ ద్రాక్షను ఎక్కువగా వాడుతూ వచ్చారు. దాని వాసన మిఠాయి వాసనలా ఉంటుంది, ఎందుకంటే ద్రాక్ష రుచి బిళ్లల్లో కలిపే మిథైల్ ఆంత్రనిలేట్ ఆ పండులో సహజంగానే ఉంది. చలికాలంలో ఒక చిన్న గ్లాసు తాగితే బాగుంటుందేమో. మే నెలలో మాత్రం వద్దంటాను. అంత చక్కెర దాహాన్ని పెంచుతుంది.

ధర విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఓక్ పీపా ఒకదానిలో 225 లీటర్లు పడతాయి, అంటే 300 సీసాలు. కొత్త పీపా ధర ఆ 300 సీసాల మీద పడుతుంది. పైగా ఏడాదో రెండేళ్లో అందులో పెట్టిన వైన్ అమ్ముడు పోదు, పెట్టుబడి నిద్రపోతుంది. తాజా తెల్ల వైన్ స్టీలు తొట్టిలో చల్లగా పులిసి, కొన్ని నెలల్లో సీసాలోకి వచ్చేస్తుంది. మీరు కట్టే డబ్బులో పీపా అద్దె లేదు, నిల్వ వడ్డీ లేదు. కాబట్టి సీసా తిప్పి మూడు సంగతులు చూడండి. ఆల్కహాల్ 12 శాతం దగ్గర ఉందా? పంట సంవత్సరం ఇటీవలిదేనా? ఈ తేలిక వైన్‌లకు వయసు శత్రువు, రెండు మూడేళ్లు దాటితే వాసన చప్పబడుతుంది. మరలు తిప్పే మూత ఉందా? దాన్ని చవక వస్తువనుకోవద్దు. బెరడు బిరడా వేడికి ఉబ్బిన వైన్ ఒత్తిడికి పైకి జరుగుతుంది, గాలి దూరుతుంది. మన వేసవికి మరమూతే నమ్మకం. నాలుగోది కూడా ఉంది, సీసా మీద రాయనిది: దుకాణంలో ఆ సీసా ఎక్కడ నిలబడి ఉంది? కిటికీ పక్కన ఎండ తగిలే అరలో ఉంటే ఎంత మంచి కంపెనీదైనా తీసుకోకండి.

తాజాదనం విలువ ఏమిటో మనవాళ్లకు ద్రాక్ష వైన్ నేర్పాల్సిన అవసరం లేదు. కల్లు ఎప్పుడో నేర్పింది. చలికాలంలో ఈత, ఎండాకాలంలో తాటి. గీత కార్మికుడు సాయంత్రం లొట్టి కట్టి తెల్లారి దించేసరికే అందులో పులియడం మొదలైపోయి ఉంటుంది. చెట్టు నుంచి వచ్చే నీరాలో లీటరుకు సుమారు 100 నుంచి 140 గ్రాముల చక్కెర ఉంటుంది, పులుపు ఉండదు. లొట్టి గోడల్లో నిన్నటి ఈస్టు కాచుకుని ఉంటుంది, దానితోపాటు జైమోమోనాస్ అనే సూక్ష్మజీవి, పెరుగులో ఉండేటువంటి లాక్టిక్ సూక్ష్మజీవులు. ఇవన్నీ ఒకేసారి పనిలోకి దిగుతాయి. ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది, నురుగు ఆ వాయువుదే. సుమారు 17 గ్రాముల చక్కెర లీటరుకు ఒక శాతం ఆల్కహాల్ ఇస్తుందని లెక్క. ఆ లెక్కన కల్లు 8 శాతం దాకా పోవచ్చు గానీ, సగం దారిలోనే తాగేస్తాం కాబట్టి సాధారణంగా 4, 5 శాతం దగ్గర ఉంటుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి ఎసిటిక్ సూక్ష్మజీవులు చేరి సగం వెనిగర్. ద్రాక్ష వైన్ నెలల్లో నడిచే దారిని కల్లు ఒక్క పగట్లో నడుస్తుంది. లొట్టిలో సున్నం పూస్తే ఆ సూక్ష్మజీవులకు గిట్టదు, అందుకే నీరా నీరాగానే ఉంటుంది. చెట్టు కింద దించగానే తాగిన కల్లుకు మించిన వేసవి వైన్ లేదని చాలామంది పెద్దలు నాతో అన్నారు. దించిన గంటలో తాగితే నేనూ కాదనలేను. దుకాణాల్లో మత్తుమందులు కలిపి అమ్మే కల్తీ కల్లు వేరు. అది ప్రాణాల మీదికి తెచ్చేది, దాని దరిదాపులకు పోకూడదు.

ఇక చల్లదనం. తెల్ల, రోజా వైన్‌లకు 8 నుంచి 12 డిగ్రీలు బాగుంటుంది. 40 డిగ్రీల ఎండలో దాన్ని ఎట్లా తేవాలి?

మా అవ్వ కాలంలో నీళ్ల కుండ చుట్టూ తడిబట్ట చుట్టి ఇసుక మీద పెట్టేవాళ్లు. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఒక గ్రాము నీరు ఆవిరవుతూ సుమారు 2,400 జౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. మేలో మా దగ్గర గాలి పొడి. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే, తడిబట్ట చుట్టిన థర్మామీటరు 23 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. కుండకు అదే అడుగు, అంతకన్నా కిందికి పోదు. కోస్తాలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి కుండ అక్కడ ఇంతగా చల్లబడదు. ఈ ఒక్క విషయంలో మన పొడి ఎండ మనకు మేలు చేస్తుంది. వైన్ సీసాకు తడిబట్ట చుట్టి గాలి ఆడే చోట పెడితే లెక్క ఇట్లా వస్తుంది: 750 మిల్లీలీటర్ల వైన్, అరకిలో గాజు, 40 నుంచి 25 డిగ్రీలకు దిగాలంటే సుమారు 53 వేల జౌళ్లు పోవాలి. అందుకు 22 గ్రాముల నీరు ఆవిరైతే చాలు. కానీ చుట్టూ ఉన్న వేడి గాలి కూడా సీసాకు వేడి ఎక్కిస్తూనే ఉంటుంది. కాబట్టి నిజానికి బట్టను రెండు మూడుసార్లు తడపాలి.

25 నుంచి 10కి దిగడానికి తడిబట్ట చాలదు, ఐస్ కావాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బకెట్ నిండా ఐస్ ముక్కలు పోసి అందులో సీసా గుచ్చుతారు. ముక్కలు సీసాను అక్కడక్కడా మాత్రమే తాకుతాయి, మధ్యలో గాలి. గాలి వేడిని చాలా నిదానంగా మోస్తుంది. అందుకే ఫ్రిజ్‌లో సీసా చల్లబడటానికి గంటలు పడుతుంది. ఐస్‌తోపాటు సగం బకెట్ నీళ్లు పోయండి. నీరు సీసాను అన్ని వైపులా తాకి వేడిని లాగేస్తుంది. రెండు గుప్పెళ్ల ఉప్పు వేస్తే ఐస్ సున్నా కన్నా కిందికి దిగి కరుగుతుంది, చల్లదనం ఇంకా తొందరగా ఎక్కుతుంది. కుల్ఫీ బండి మనిషి డబ్బా చుట్టూ ఉప్పు కలిపిన ఐస్ పెట్టేది ఇందుకే. పావుగంట, ఇరవై నిమిషాల్లో సీసా సిద్ధం. ముందే తడిబట్టతో 25కి తెచ్చుకుని ఉంటే, ఆ సీసా వరకు కావలసిన ఐస్ లెక్కకు 160 గ్రాములే. కరెంటు కోతల్లో ఐస్ దొరకడమే కష్టమయ్యే ఊరికి ఈ రెండు మెట్ల పద్ధతి బాగా పనికొస్తుంది.

మగ్గం గుంత గురించి చెబుతానన్నాను. పగటి వేడి నేలలోకి జానెడు లోతు కూడా సరిగా దిగదు. రెండు మూడు అడుగుల లోతున పగలూ రాత్రీ తేడా ఉండదు. మగ్గం గుంతలో కాళ్లకు చల్లగా తగిలేది ఆ నిలకడ. సీసాలు పెట్టుకోవడానికి 28, 30 డిగ్రీలు గొప్ప చోటేమీ కాదు గానీ, బీరువా మీద పెట్టడం కన్నా వంద రెట్లు నయం. ఇంట్లో గచ్చు మీద, చీకటి మూల, సీసాను పడుకోబెట్టినా చాలు.

ఆ తర్వాతి ఆదివారం మేనల్లుడు ఇంకో సీసా తెచ్చాడు. శెనిన్ బ్లాంక్, ముందుదానికి సగం ధర. నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత ఒక సాయంత్రం ఉప్పు వేసిన ఐస్ నీళ్ల బకెట్‌లో దించాం. మా ఆవిడ ఉగ్గాని చేసింది, మిరపకాయ బజ్జీలు వేసింది. ఎమ్మిగనూరులో, బళ్లారిలో, ఆదోనిలో ఇది పొద్దుటి తిండి. మేం సాయంత్రానికి పెట్టుకున్నాం.

కారానికి వైన్ ఎంచుకోవడంలో ఒక శాస్త్రం ఉంది. నాలుక మీద వేడిని పట్టే గ్రాహకాలు మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేల్కొంటాయి. మిరపలోని కాప్సాయిసిన్ అదే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, అందుకే కారం మంటగా తెలుస్తుంది. ఆల్కహాల్ ఆ గ్రాహకం మేల్కొనే గడపను 34 డిగ్రీల దాకా దించుతుందని ప్రయోగాల్లో తేలింది. 34 అంటే నోటి సొంత వేడి కన్నా తక్కువ. కాబట్టి ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ బజ్జీ మంటను ఎగదోస్తుంది. తక్కువ ఆల్కహాల్, చల్లదనం, పిసరంత తీపి, ఈ మూడూ దాన్ని అణచిపెడతాయి. బజ్జీలోని నూనెను పులుపు కడిగేస్తుంది. ఉగ్గానిలో పుట్నాల పొడి, నిమ్మరసం ఎట్లాగూ ఉంటాయి, వాటి పక్కన ఈ వైన్ చక్కగా కూర్చుంటుంది.

పెద్దాయన సగం గ్లాసు తాగి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చింతపండు నీళ్లల్లో బెల్లం వేసినట్టుంది నాయనా" అన్నాడు. ఆయన బడికి పోయింది మూడో తరగతి దాకే. నాలుకతో టార్టారిక్ ఆమ్లాన్ని గుర్తుపట్టాడు.

ఇంత చెప్పాక ఎండలో తాగడం గురించి ఉన్నమాట చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన విస్కీ రెండు పెగ్గుల్లో, అంటే 60 మిల్లీలీటర్లలో, 20 గ్రాములు. గ్లాసు తేలిగ్గా ఉన్నా లోపలున్నది అదే పదార్థం. నీటిని ఒంట్లో నిలిపే వాసోప్రెసిన్ హార్మోనును అది అణుస్తుంది. దాంతో నీరు మామూలు కన్నా ఎక్కువగా బయటికి పోతుంది. చర్మంలోని రక్తనాళాలు విప్పారి ఒళ్లు వెచ్చబడ్డట్టు ఉంటుంది, రక్తపోటు దిగుతుంది. 42 డిగ్రీల ఎండలో పొలం పని చేసి వచ్చినవాడికి ఇది వడదెబ్బకు దారి. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఏ మాత్రమూ సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. తాగనివాళ్లు ఈ అధ్యాయం చదివి మొదలుపెట్టాలని నా కోరిక కానే కాదు. వాళ్లకు సుగంధి (నన్నారి) షర్బత్ ఉంది. నన్నారి వేరు వాసననిచ్చే పదార్థం వెనిలిన్‌కు స్వయానా తోబుట్టువు, అణువులు అవే, అమరిక వేరు. నిమ్మకాయ పిండుకుంటే పులుపూ వస్తుంది. కొర్ర అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ సంగతి చెప్పనే అక్కర్లేదు. పోయిన ఉప్పునూ నీటినీ రెండింటినీ తిరిగి ఇచ్చేవి అవే. తాగేవాళ్లు పొద్దు గుంకాక తాగండి, తిండితో తాగండి, గ్లాసు వైన్‌కు రెండు గ్లాసుల నీళ్లు తాగండి, బండి తాళం ఇంకొకరికి ఇవ్వండి.

మర్నాడు పొద్దున సీసా కడుగుదామని తీస్తే అడుగున ఏదో మెరిసింది. ఇసుక పలుకుల్లాంటి తెల్లని స్ఫటికాలు. మేనల్లుడు కంగారుపడ్డాడు, గాజు పెంకులేమోనని. వేలికి అంటించుకుని చూస్తే కోసుకోలేదు. నాలుక మీద పెట్టుకుంటే కరకరలాడి, నెమ్మదిగా పుల్లగా కరిగింది. టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసిన లవణం అది. చల్లదనంలో దానికి కరిగే శక్తి తగ్గుతుంది, నాలుగు రోజుల ఫ్రిజ్‌లో అడుగుకు దిగింది. వైన్ పీపాల గోడలకు పట్టే ఈ పెచ్చు నుంచే 1769లో స్వీడన్ రసాయనవేత్త షీలే టార్టారిక్ ఆమ్లాన్ని విడదీశాడు. 1848లో ఇరవై ఆరేళ్లయినా నిండని పాశ్చర్, ఇదే ఆమ్లం లవణ స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, శ్రావణంతో ఒక్కొక్కటిగా ఏరి రెండు కుప్పలు చేశాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాగా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. అణువులకు కూడా కుడి ఎడమలు ఉంటాయని లోకానికి తెలిసింది ఆ కుప్పల వల్లే.

మేనల్లుడు ఆ పలుకులను ఒక కాగితం మీద ఆరబెట్టుకున్నాడు. వంటింట్లో గట్టు మీద, మధ్యాహ్నం చారుకు మా ఆవిడ చింతపండు నానబెడుతోంది.